పదహారు రోజుల్లో లడఖ్ పోయి రావొచ్చా?

ప్రశ్న: అన్నా, మాది ప్రొద్దుటూరు. వయసు 27, ప్రైవేటు ఉద్యోగం. రెండేళ్ల కింద రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 కొన్నాను. జూలైలో నేనూ నా స్నేహితుడూ ఒకే బండి మీద లడఖ్ పోవాలనుకుంటున్నాం. 16 రోజులు సెలవు దొరికింది. ఇంటి దగ్గరి నుంచే బండి మీద బయల్దేరి నాలుగో రోజుకు మనాలి, ఆరో రోజుకు లేహ్ చేరి, పాంగాంగ్ సరస్సు, నుబ్రా లోయ, ఉమ్లింగ్ లా కనుమ చూసి తిరిగి రావాలని ప్లాన్. ఘాట్ రోడ్లలో పెద్దగా తోలలేదు. నా స్నేహితుడికి చిన్నప్పుడు ఆయాసం ఉండేది, ఇప్పుడు లేదు. మా అమ్మ వద్దని ఏడుస్తోంది. మా నాయన ఇరవై ఏళ్లు లారీ తోలినాడు, ఆయన మాత్రం ఏమీ అనడం లేదు. ఢిల్లీలో ఫ్రెండు పెళ్లి ఉందని చెప్పి పోదామా అని కూడా ఆలోచిస్తున్నా. బండికి ఏమేం చేయించాలి, ఏమేం కొనాలి, చెప్పండి.

జవాబు:

తమ్ముడూ,

నువ్వు అడిగింది బండి గురించి. దాని సంగతి తర్వాత చెప్తాను. ముందు నీ 16 రోజుల లెక్క చూద్దాం. నీ ఉత్తరంలో నాకు భయం వేసింది అక్కడే.

ప్రొద్దుటూరు నుంచి కర్నూలు పోయి 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే ఢిల్లీ దాదాపు 2,000 కిలోమీటర్లు. అక్కణ్ణుంచి మనాలి ఇంకో 530. మనాలి నుంచి లేహ్ సుమారు 430. పోను మూడు వేలు, రాను మూడు వేలు. ఆరు వేల కిలోమీటర్లను 16 రోజులకు పంచితే రోజుకు 375 పడుతుంది. ఇందులో పాంగాంగ్ లేదు, నుబ్రా లేదు, ఉమ్లింగ్ లా అసలే లేదు. ఒక్క రోజు విశ్రాంతి లేదు. ఒక్క పంక్చరుకు కూడా చోటు లేదు. నాగపూర్ దారిలో రోజుకు 600 పోవచ్చు, కాదనను. కొండల్లో 150 పోయావంటే ఆ రోజుకు అదే ఎక్కువ.

అయినా కిలోమీటర్లు నాకు రెండో సంగతి. మొదటిది ఎత్తు. మీ ఊరు సముద్ర మట్టానికి 150 మీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. మనాలి 2,050 మీటర్లు, లేహ్ 3,500. ఆ రెండింటి మధ్య దారి బారాలాచా లా దగ్గర 4,890 మీటర్లకు, తంగ్‌లంగ్ లా దగ్గర 5,328 మీటర్లకు ఎక్కి దిగుతుంది. లా అంటే అక్కడి మాటలో కనుమ. 5,300 మీటర్ల మీద మనకు ఒక్కో ఊపిరికి అందే ఆక్సిజన్ మన ఊళ్లో అందేదాంట్లో సగమే. దీనికి డాక్టర్లు చెప్పే లెక్క ఒకటుంది. 3,000 మీటర్లు దాటినాక, ఈ రాత్రి పడుకునే చోటు నిన్న రాత్రి పడుకున్న చోటు కంటే 500 మీటర్లకు మించి ఎత్తులో ఉండకూడదు. మూడు నాలుగు రోజులకొకసారి ఒక రోజు అక్కడే ఆగిపోవాలి. పగలు ఇంకా పైకి పోయి చూసినా, దిగి వచ్చి పడుకుంటే ఒంటికి అంత భారం పడదు. అందుకే నీ ప్లాన్ కాగితంలో ప్రతి ఊరి పక్కనా కిలోమీటర్ల కంటే ముందు, పడుకునే చోటు ఎంత ఎత్తో రాసుకో.

నేను మొదటిసారి పోయినప్పుడు నాకు ఈ లెక్క తెలియదు. మనాలిలో తెల్లవారకముందే బయల్దేరి సాయంత్రానికి లేహ్ దారిలో ఉన్న సర్చు చేరాం. సర్చు 4,290 మీటర్లు. అంటే ఒక్క పగటిపూట 2,200 మీటర్లకు పైగా ఎక్కి, అక్కడే టెంటులో పడుకున్నాం. రాత్రి పదికి నాతో వచ్చిన మిత్రుడికి తలనొప్పి మొదలైంది. రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. అర్ధరాత్రి దాటాక బయటికి పోదామని లేచి, నాలుగడుగులు వేసేసరికి తూలి పడబోయాడు. మా ఇద్దరిలో గట్టివాడు అతనే. రోజూ పొద్దున అయిదు కిలోమీటర్లు పరుగెత్తేవాడు. టెంటు ఆయన టార్చి వేసి చూసి, ఇతన్ని కిందికి దించండి అన్నాడు. ఎక్కడికి దించాలి? సర్చుకు ఒకవైపు బారాలాచా, ఇంకోవైపు నకీ లా, లాచుంగ్ లా. ఎటు దిగాలన్నా ముందు ఇంకా పైకి ఎక్కాల్సిందే. చీకట్లో, మంచు పడిన దారిలో బండి తీయడానికి ఎవరూ ఒప్పుకోలేదు. తెల్లవారే వరకు అతని చెయ్యి పట్టుకొని కూర్చున్నాను. పొద్దున జీపులో, ఆక్సిజన్ పెట్టి, బారాలాచా దాటించి కేలాంగ్ చేర్చాం. అక్కడ ఎత్తు 3,080 మీటర్లు. సాయంత్రానికి లేచి టీ అడిగాడు. ఆ ఒక్క రాత్రి తర్వాతే నేను ఈ విషయాలన్నీ కూర్చొని నేర్చుకున్నాను. నువ్వు అలా నేర్చుకోకూడదని ఇంత వివరంగా రాస్తున్నా.

జిమ్ముకు పోవడం, పరుగెత్తడం వల్ల ఊపిరి బాగుంటుంది, ఒళ్లు అలసిపోదు. కానీ ఎత్తు జబ్బు నుంచి అవి కాపాడవు. అసలు గట్టిగా ఉన్న పిల్లలే, నాకేం కాదని తలనొప్పి దాచిపెట్టి ఇంకా పైకి పోతారు. తలనొప్పితో పాటు వికారం, నీరసం, నిద్ర పట్టకపోవడం ఉంటే ఇక ఆ రోజు పైకి పోకూడదు, ఉన్నచోటే ఆగాలి. తగ్గకపోతే దిగాలి. కూర్చున్నా ఆయాసం వస్తున్నా, దగ్గు ఆగకపోయినా, నేల మీద గీత గీసి దాని మీద ఒక కాలి మడమకు ఇంకో కాలి వేళ్లు ఆనించి నడవమంటే తూలుతున్నా, మాట తడబడుతున్నా ఊపిరితిత్తుల్లోనో మెదడులోనో నీరు చేరుతోందని అర్థం. అప్పుడు రాత్రా పగలా అని చూడకుండా దించాల్సిందే. డయామాక్స్ అనే మాత్ర గురించి ఇంటర్నెట్‌లో చదివే ఉంటావు. అది ముందు జాగ్రత్తకు పనికొస్తుంది. కానీ సల్ఫా మందులు పడనివాళ్లు వేసుకోకూడదు, ఎంత మోతాదు అనేది డాక్టరు చెప్పాలి. నీ స్నేహితుణ్ణి మాత్రం తప్పకుండా ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి తీసుకుపో. ఆయాసం ఉన్నవాళ్లందరికీ కొండలు నిషేధం కాదు, కానీ ఆ చల్లటి పొడిగాలి, ఆ దుమ్ము పాత ఆయాసాన్ని లేపగలవు. డాక్టరు సరే అంటే ఇన్‌హేలర్ జేబులో పెట్టుకొని రావాలి. వద్దంటే ఇద్దరూ ఆ మాట వినాలి.

ఇప్పుడు నా సలహా సూటిగా చెప్తా. ఈసారికి లడఖ్ వద్దు. హిమాచల్‌లోని స్పితి లోయకు పో. అది కూడా మనాలి వైపు నుంచి కాకుండా సిమ్లా, కిన్నౌర్ మీదుగా.

స్పితి అంటే లడఖ్‌కు తక్కువ అనుకోవద్దు. అదే చెట్టూ చేమా లేని కొండ, అదే నీలం ఆకాశం, అవే బౌద్ధ ఆరామాలు. హిమాలయం వానమబ్బును అడ్డుకోవడం వల్ల ఎండిపోయిన నేల అది. మన అనంతపురానికి పడమటి కనుమలు చేసిన పనే అక్కడ హిమాలయం ఇంకా గట్టిగా చేసింది. నాకు ఆ కొండలు చూసిన మొదటి రోజు పరాయి చోటులా అనిపించలేదు.

నేను కిన్నౌర్ దారి ఎందుకు చెప్తున్నానో రాత్రుళ్లు లెక్కపెడితే తెలుస్తుంది. సిమ్లా 2,200 మీటర్లు. రెండో రాత్రి సరాహన్, దాదాపు అంతే ఎత్తు. మూడో రాత్రి కల్పా, 2,960. నాలుగో రాత్రి తాబో, 3,280. అయిదో రాత్రి కాజా, 3,650. మెట్టు మెట్టుగా ఎక్కినట్టు ఉంటుంది. ఒంటికి ప్రతి రాత్రీ కాస్త అలవాటు పడే సమయం దొరుకుతుంది. ఆ దారిలో రాంపూర్ దగ్గరి నుంచి సట్లెజ్ నది పక్కనే వస్తుంది. ఖాబ్ దగ్గర స్పితి నది దాన్ని కలుస్తుంది, అక్కడి నుంచి స్పితి వెంట పోతావు. దారిలో నాకో అనే ఊళ్లో చెరువు పక్కన మధ్యాహ్నం భోంచేసి, పడుకోవడానికి మాత్రం తాబోకు దిగిపో. నాకో 3,660 మీటర్లు, కల్పా నుంచి ఒక్క దెబ్బకు అంత ఎత్తులో పడుకోవద్దు. తాబోలో ఆరామం క్రీ.శ. 996లో కట్టింది. మట్టిగోడల లోపల, చీకట్లో, వెయ్యేళ్ల నాటి బొమ్మలు. లేపాక్షి పైకప్పు చూసి పెరిగినవాళ్లం మనం, అక్కడ కనీసం ఒక గంట కూర్చోవాలి. మరుసటి రోజు కాజా 47 కిలోమీటర్లే. అంత తక్కువ దూరం ఉద్దేశపూర్వకంగానే పెట్టాను.

కాజాలో రెండు రోజులు ఆగు. పగలు కీ ఆరామం, కిబ్బర్, లాంగ్జా, హిక్కిం చూసి రాత్రికి కాజాకే వచ్చి పడుకో. హిక్కింలో 4,400 మీటర్ల మీద పోస్టాఫీసు ఉంది. అక్కడి నుంచి మీ అమ్మకు ఒక కార్డు రాసి వెయ్యి. నువ్వు ఇంటికి చేరాక అది వస్తుంది, అయినా సరే రాయి. తర్వాత 4,590 మీటర్ల కున్‌జుమ్ లా దాటి మనాలికి దిగాలి. దాదాపు 200 కిలోమీటర్లు. ఆ దారిలో చాలా భాగం రాళ్లూ, రోడ్డుకు అడ్డంగా పారే వాగులూ. ఒక్క రోజులో అయిపోతుందనుకోకు, మధ్యలో ఆగాల్సి రావొచ్చు. కనుమ మూసేశారని కాజాలో చెబితే వాదించకుండా వచ్చిన దారినే వెనక్కి తిరిగిపో.

ఇక ఇంటి నుంచి బండి మీద పోవాలన్న పట్టుదల వదులుకో. బండిని గుంతకల్లులో రైలుకెక్కించు. కర్ణాటక ఎక్స్‌ప్రెస్‌లో రెండు రాత్రుళ్లలో ఢిల్లీ చేరతావు. పార్సిల్ ఆఫీసుకు ఆర్‌సీ, నీ గుర్తింపు కార్డు జిరాక్సులు పట్టుకుపో. ట్యాంకులో పెట్రోలు పూర్తిగా తీసేయాలి, గోనెపట్టా చుట్టి కట్టించాలి. నువ్వు ఎక్కిన రైల్లోనే బండి వస్తుందని నమ్మకం పెట్టుకోకు. ముందుగా పంపేసి, తర్వాత నువ్వు పో. ఇలా చేస్తే రానూ పోనూ రైలుకు, ఢిల్లీకి కలిపి ఆరు రోజులు పోయినా కొండల్లో పది రోజులు మిగులుతాయి. అందులో కనీసం ఒక్క రోజు ఖాళీగా ఉంచుకో. ఆ రోజుకు ఏ పనీ పెట్టుకోకు.

జూలై కూడా మార్చుకో తమ్ముడూ. జూలై, ఆగస్టుల్లో హిమాచల్‌లో వానలకు కొండచరియలు పడతాయి. 2021 ఆగస్టులో కిన్నౌర్‌లో నిగుల్‌సరి దగ్గర కొండ విరిగి బస్సు మీద, బండ్ల మీద పడి 28 మంది చనిపోయారు. నేను చెప్పిన దారే అది. 2023 జూలైలో మనాలి దగ్గర బియాస్ నది పొంగి హైవేనే కొట్టుకుపోయింది. సెప్టెంబరు సగం దాటాక పో. ఆకాశం తేటగా ఉంటుంది, వాగుల్లో నీళ్లు తగ్గుతాయి. రాత్రిళ్లు చలి సున్నాకు దగ్గరగా ఉంటుంది, దానికి బట్టలున్నాయి. కొండచరియకు ఏ బట్టా లేదు. మీ ఆఫీసులో సెలవు సెప్టెంబరుకు జరపమని ఇప్పుడే అడుగు.

లడఖ్‌కు పోయే రోజు వస్తుంది. అప్పుడు కనీసం 22 రోజులు పెట్టుకొని, శ్రీనగర్, సోనామార్గ్, కార్గిల్ మీదుగా ఎక్కి మనాలి మీదుగా దిగు. అటువైపు ఎత్తు నిదానంగా పెరుగుతుంది. సర్చు దాటే సమయానికి నీ ఒళ్లు అలవాటుపడి ఉంటుంది. ఇంకో మాట, అక్కడ మన ప్రీపెయిడ్ సిమ్ పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ కావాలి.

బండికి వస్తాను. నీది ఫ్యూయల్ ఇంజెక్షన్ బండి, పాత కార్బ్యురేటర్ బండ్లలాగా జెట్ మార్చే పని లేదు. కానీ గాలి పలచబడితే ఏ ఇంజనుకైనా బలం తగ్గుతుంది. నీ బండి 20 హార్స్‌పవర్, కున్‌జుమ్ మీద అది దాదాపు పన్నెండుతో లాగుతున్నట్టే. దాని మీద ఇద్దరు మనుషులు, సామాను. అందుకే సామాను ఇద్దరికీ కలిపి 20 కిలోలు దాటనివ్వకు. వెనక ఇనుప పెట్టెలు, అదనపు లైట్లు, పెద్ద సైలెన్సరు, ఏవీ వద్దు. ఆ డబ్బుతో గట్టి బూట్లు, మోకాలి గార్డులు, మంచి గ్లవ్స్ రెండు జతలు, వానకోట్లు కొనండి. గ్లవ్స్ తడిస్తే పది నిమిషాల్లో వేళ్లు బ్రేకు మీద పనిచేయవు, అందుకే రెండు జతలు అంటున్నా. లోపల కాటన్ బనియన్ కంటే చెమట ఆరే రకం మేలు. కాటన్ తడిసి ఒంటికి అంటుకుంటే చలి వదలదు.

పోయే నెల ముందు బ్రేకు ప్యాడ్లు, చైను, స్ప్రాకెట్లు, క్లచ్ ప్లేట్లు చూపించు. అరిగినవి మార్చి, ఆ తర్వాత కనీసం 500 కిలోమీటర్లు ఇక్కడే తోలు. కొత్తగా వేసినవి ఏమైనా ఇబ్బంది పెడితే ప్రొద్దుటూరులోనే పెట్టాలి. క్లచ్ వైరు, యాక్సిలరేటర్ వైరు, రెండు లీవర్లు, స్పార్క్ ప్లగ్, చైన్ లింక్, ఫ్యూజులు వెంట ఉండాలి. నీది స్పోక్ చక్రమైతే లోపల ట్యూబ్ ఉంటుంది, రెండు ట్యూబులు పెట్టుకో. మీ వీధి పంక్చరు అంగడిలో ఒక మధ్యాహ్నం కూర్చొని వెనక చక్రం విప్పి ట్యూబ్ మార్చడం నీ చేతులతో నేర్చుకో. చూసి నేర్చుకుంటే చాలదు. పెట్రోలు రెకాంగ్ పియో దగ్గర ఉన్న పోవారిలో నింపితే మళ్లీ కాజాలోనే, 200 కిలోమీటర్ల దూరం. కాజా దాటితే మళ్లీ మనాలి వైపు వచ్చేదాకా లేదు. ట్యాంకు 13 లీటర్లు సరిపోతుంది కానీ, ఎప్పుడూ మొదటి గేరూ రెండో గేరే కాబట్టి మైలేజీ బాగా పడిపోతుంది. అయిదు లీటర్ల క్యాన్ ఒకటి పెట్టుకో. నోట్లు కూడా చాలినన్ని పెట్టుకో. సిగ్నల్ లేనిచోట ఫోన్ పేమెంటు నడవదు.

నేర్చుకోవడానికి మీకు అన్నీ దగ్గరే ఉన్నాయి. పెన్నలో నీళ్లు లేనప్పుడు ఇసుకలో, గులకరాళ్ల మీద నిదానంగా బండి తోలు. మొదట ఒక్కడివే, తర్వాత స్నేహితుణ్ణి కూర్చోబెట్టుకొని. ముందు చక్రం జారుతుంటే ముందు బ్రేకు గట్టిగా పట్టకూడదని అక్కడే తెలుస్తుంది. తర్వాత ఒక శనివారం మొత్తం సామాను కట్టుకొని మైదుకూరు, నంద్యాల, ఆత్మకూరు మీదుగా నల్లమలలోకి పో. దోర్నాల, శ్రీశైలం చూసి ఆదివారం తిరిగి రా. దోర్నాల దగ్గర అడవి దారి రాత్రి 9 నుంచి పొద్దున 6 వరకు మూసేస్తారు, పగలే దాటాలి. కొండల్లోనూ నీ దినచర్య అలాగే ఉండాలి. పొద్దున ఆరుకు బయల్దేరి మధ్యాహ్నం మూడు, నాలుగు లోపల ఆగిపోవాలి. అక్కడ దీనికి ఇంకో కారణం కూడా ఉంది. రాత్రి గడ్డకట్టిన మంచు ఎండెక్కే కొద్దీ కరుగుతుంది. పొద్దున మడమ లోతు ఉన్న వాగు మధ్యాహ్నానికి మోకాలు దాటుతుంది. వాగు దగ్గర ముందు దిగి చూడు, ఇంకొకరు దాటేది చూడు. స్నేహితుణ్ణి నడిపించి, నువ్వు మొదటి గేరులో, ఆపకుండా, తొందరపడకుండా దాటు. దాటాక బ్రేకులు రెండు మూడుసార్లు మెల్లగా నొక్కి ఆరనివ్వు.

ఎత్తును మాత్రం మనం ఇక్కడ ప్రాక్టీసు చేయలేం. మనకు దగ్గరగా ఉన్న హార్స్‌లీ హిల్స్ కూడా 1,265 మీటర్లే. దానికి నిదానమే దారి. రోజుకు మూడు నాలుగు లీటర్ల నీళ్లు, మందు తాగకపోవడం, నిద్రమాత్రలు వేసుకోకపోవడం. ఇంట్లో చేసిన శెనక్కాయ ఉండలు ఒక డబ్బా పట్టుకుపోండి. ఆకలి చచ్చిపోయిన ఎత్తులో నాకు లోపలికి పోయింది అవొక్కటే.

ఇక ఢిల్లీ పెళ్లి అబద్ధం. వద్దు తమ్ముడూ. నీకేదైనా అయితే ఎవరికి ఫోను చేయాలో, నువ్వు ఏ దారిలో ఉన్నావో మీ ఇంట్లో తెలియకపోవడం కంటే పెద్ద ప్రమాదం ఇంకోటి లేదు. రేపు తాబోలో సిగ్నల్ లేక రెండు రోజులు ఫోను కలవకపోతే, పెళ్లికి పోయిన కొడుకు ఏమయ్యాడో అని ఆ తల్లి ఎంత అల్లాడుతుందో ఆలోచించు. నిజం చెప్తే ఆ రెండు రోజులనూ ముందే ఆమెకు చెప్పొచ్చు. ప్రతి రాత్రి ఏ ఊళ్లో పడుకుంటావో, ఆ ఊరి ఎత్తు, బస చేసే చోటు ఫోను నంబరు ఒక కాగితం మీద తెలుగులో రాసి ఆమెకివ్వు. ఏ రోజుల్లో ఫోను రాకపోవచ్చో దాని మీద గుర్తు పెట్టు. ఆ రోజులు దాటి ఇంకో పూర్తి రోజు కబురు లేకపోతే ఎవరికి ఫోను చేయాలో కూడా రాయి. ఆమె ఏడుపు వెంటనే ఆగుతుందని చెప్పను. కానీ ఆమె చేతిలో ఒక కాగితం ఉంటుంది.

మీ నాయన ఏమీ అనడం లేదని రాశావు. ఇరవై ఏళ్లు లారీ తోలినాయన. బరువు బండితో ఘాట్ దిగడం ఏమిటో నాకంటే, నీ ఇంటర్నెట్ కంటే ఆయనకు బాగా తెలుసు. ఏ గేరులో ఎక్కుతామో అదే గేరులో దిగాలని, బ్రేకు మీదే కాలు పెట్టి దిగితే అది వేడెక్కి పట్టు వదిలేస్తుందని, దిగేటప్పుడు ఎన్నటికీ న్యూట్రల్ చేయకూడదని, ఎక్కే బండికి దారి ఇవ్వాలని, మలుపు ముందు హారన్ కొట్టాలని ఆయన నీకు నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. నువ్వు ఆయన్ని అడిగినట్టు నీ ఉత్తరంలో ఎక్కడా లేదు.

వచ్చే ఆదివారం పొద్దున్నే ఆయన్ను వెనక కూర్చోబెట్టుకొని కడప మీదుగా గువ్వలచెరువు ఘాట్‌కు పో. ఎక్కేటప్పుడు నువ్వు తోలు. దిగేటప్పుడు బండి ఆయన చేతికిచ్చి వెనక కూర్చో, ఏ మలుపు దగ్గర గేరు తగ్గిస్తున్నాడో చూడు. గువ్వలచెరువులో కోవా అంగడి దగ్గర ఆగినప్పుడు నీ స్పితి కాగితం తీసి ఆయన ముందు పెట్టు. దాంట్లో ఆయన ఏం కొట్టేశాడో, ఏం కలిపాడో నాకు రాయి.